అక్క పుస్తకము

మన పాఠశాల సంచికకు ఈ యేడు నేనేదైన వ్రాసి యియ్యవలయునని సంపాదకవర్గములోని విద్యార్థులు నన్నడిగినప్పుడు, సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయిని గావున ఏ రాజవంశమును గూర్చియో వ్రాయునని వారనుకొని యుందురు. రాజులను గూర్చి తరగతిలో వలసినంత చెప్పుచునే యున్నాను. ఈ పర్యాయము మా యింటిలో గోడకానుకొని యున్న యొక పాత పియానోను గూర్చియు, దాని యెదుట ఒకే బల్లమీద కూర్చుండు ఇద్దరు పిల్లలను గూర్చియు వ్రాయదలచితిని. ఆ యిద్దరును నా పిల్లలే. కాని వారిని గూర్చి చెప్పవలెనన్నచో, రెండున్నర శతాబ్దములకు పూర్వము ఐరోపాఖండములో ఇట్టి బల్లమీదనే కూర్చుండిన మఱియొక అక్కాతమ్ములను గూర్చియు చెప్పక తీరదు.

పియానో యనగానే ధనవంతుల మేడలును, చలనచిత్రములలో పాట పాడుచు మెట్లపై వ్రేళ్లాడించు కథానాయకుడును మీ మనస్సునకు తట్టుట సహజము. మా పియానో యట్టిది కాదు. ఒక పాత బంగళాలోని సామానులు వేలము వేసినప్పుడు మావారు దానిని పట్టుకొని వచ్చిరి. మంచము కొనుటకు వెళ్లి పియానో కొని తెచ్చిన కుమారుని జూచి మా యత్తగారు మూడు దినములు ఆయనతో మాటలాడలేదు. ఎనిమిదిమంది మనుష్యులు దానిని ట్రాలీ ఆటో మీదినుండి దింపిరి. లోపల ఎలుకగూడు, సుత్తులకున్న ఫెల్టు గుడ్డను చిమ్మటలు కొట్టివైచినవి, మెట్లమీది తెల్లని పలకలు తొమ్మిదిచోట్ల ఊడిపోయినవి. నేటి పియానోలకు 88 మెట్లుండును. దీనికి 85 మాత్రమే. పాతకాలపు పియానోలు పెక్కింటికి ఇట్లే యుండెడివట. చెన్నపట్నమునుండి వచ్చిన శ్రుతి చేయు నాయన రెండు దినములు పనిచేసి, తీగెలు బిగించు మేకులు పట్టు వదలినవనియు, పూర్తిగా లాగినచో నిలువవనియు చెప్పి, ఒక మెట్టు క్రిందికి శ్రుతి చేసి వెడలిపోయెను. సెకనునకు 440 కంపనములు చేయవలసిన స్వరము మా యింటిలో సుమారు 415 మాత్రమే చేయును. ఇది పెద్ద లోపమని నేను విచారపడుచుండగా, 18వ శతాబ్దపు సంగీతమును ఆనాటి రీతిని వాయించువారిలో పెక్కుమంది నేడు కోరి 415నే పెట్టుకొందురని తరువాత చదివి కొంత యూరట జెందితిని.

మా యమ్మాయికి అప్పుడు తొమ్మిదేండ్లు, అబ్బాయికి నాలుగు. మా సంఘములో ఏండ్ల తరబడి ఆర్గను వాయించి విశ్రాంతి పొందిన యొక వృద్ధ టీచరమ్మగారు అమ్మాయికి శనివారము శనివారము పాఠము చెప్పుట కొప్పుకొనిరి. ఆమె పద్ధతి పాతది. బొటనవ్రేలు ఒకటి, చిటికెనవ్రేలు అయిదు. ఈ లెక్క నోటికి వచ్చువఱకు మెట్టు ముట్టనీయలేదు. అరచేయి క్రిందికి వ్రాలకుండ దాని క్రింద నొక నిమ్మకాయ నుంచెడివారు. చేయి వ్రాలినచో నిమ్మకాయ నలిగి మెట్లమీద పులుసు పడును. పడినచో తుడిచి, మఱల మొదటినుండి. మా యమ్మాయి యొక నెలలో ఏడు నిమ్మకాయలను పాడుచేసి, రెండవ నెలలో ఒకటియు పాడుచేయలేదు. ఆ లెక్క మా యత్తగారు చెప్పినది. నిమ్మకాయలు ఆమెవి గదా.

అబ్బాయి పియానో దగ్గరకు చేరిన విధము వేరు. వర్షకాలములో ఆ ముసలి వాద్యపు కఱ్ఱ ఉబ్బి, నొక్కిన మెట్లు కొన్ని క్రిందికి పోయి పైకి రావు. అక్క వాయించుచుండగా ప్రక్కన నిలుచుండి, పడిపోయిన మెట్టును వ్రేలితో లేపుటయే వాని మొదటి యుద్యోగము. ఏ మెట్టు ఎప్పుడు పడునో కనిపెట్టుటకై వాడు అక్క వ్రేళ్లనే చూచుచుండెడివాడు. ఆ చూపుతోనే సగము పాఠము వానికి వచ్చినదని నా నమ్మకము. ఒకనాడు నేను వంటయింటిలో నుండగా, ఆదివారము దేవాలయములో పాడిన కీర్తన పియానోమీద వినవచ్చినది. తప్పులతో, ఒకే వ్రేలితో. అమ్మాయి అప్పుడు పెఱటిలో బట్టలారవేయుచుండెను. ఆమె తడిచేతులతోనే పరుగున వచ్చి, వాని చేయి పట్టుకొని, "ఒకే వేలితో వాయిస్తే టీచరమ్మగారు నిమ్మకాయ పెడతారు" అని బెదరించి, అయిదు వ్రేళ్లకు అయిదు మెట్లు చూపినది. అదియే వాని మొదటి పాఠము.

తరువాత ఆమె తన పాత నోటుపుస్తకమొకటి తీసికొని, స్కేలుతో అయిదేసి గీతలు గీసి, తమ్మునికొఱకు చిన్న చిన్న పాఠములు వ్రాయ మొదలుపెట్టెను. ఇంగ్లీషు స్వరలిపిలో గీతమీద నున్న స్వరమేదో, రెండు గీతల నడుమ నున్న దేదో వానికి తెలియలేదు. అందుచేత ప్రతి స్వరము క్రిందను స, రి, గ, మ అని తెలుగక్షరము వ్రాసెను. పియానోమీద ‘సి’ యను మెట్టునుండి నల్లమెట్లను ముట్టక తెల్లమెట్లమీదనే నడచినచో మన శంకరాభరణము స్వరములే దొరకును. ‘ఎ’ యను మెట్టునుండి తెల్లమెట్లమీద నడచినచో నఠభైరవి. అందు నిషాదమును మాత్రము ప్రక్కనున్న నల్లమెట్టుకు జరిపినచో కీరవాణి. ఇదియంతయు టీచరమ్మగారు చెప్పినది కాదు. మా నాయనగారు హార్మోనియము వాయించుచు రాగముల పేర్లు చెప్పెడివారు. అమ్మాయి ఆ రెంటిని తానే కలుపుకొనెను. పెద్దవారెవరైన ఈ పాఠ్యపుస్తకమును వ్రాసి యున్నచో ముందు సిద్ధాంతము, తరువాత అభ్యాసము పెట్టియుందురు. ఆమె మొదట పాట పెట్టి, దానిలో ఎన్ని మెట్లున్నవో అన్నింటినే ఆ పుటలో నేర్పెను. నేను శిక్షణ పొందిన ఉపాధ్యాయినినైనను ఆ పుస్తకమున దిద్దవలసినది నాకేమియు కనబడలేదు. రెండు మూడు చోట్ల అక్షరదోషములు తప్ప.

ఒకనాటి పాఠములో వాడొక ప్రశ్న వేసెను. "అక్కా, అమ్మమ్మ పాడినప్పుడు స్వరం ఊగుతుంది కదా, ఇదెందుకు ఊగదు?" అమ్మాయి కొంచెమాలోచించి, "మెట్టుకీ మెట్టుకీ మధ్య దారి లేదురా" అనెను. గమకమునకును పియానోకును ఎందుకు పొసగదో ఇంతకంటె సూటిగా చెప్పినవారిని నేను చూడలేదు. వాయులీనమున వ్రేలు తీగెమీద జారును గనుక ఆ యిబ్బంది లేదు. కావుననే ఐరోపావారి వాద్యములలో వాయులీనము మన కచ్చేరీలో స్థిరపడినది. దానిని మొదట మన సంగీతమునకు మలచినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. అన్నగారు ఇంగ్లీషువారి బ్యాండు పాటల వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. ఒక యింటిలోని యన్నదమ్ములకు ఒకే కొత్త సంగీతము ఒకరికి గొంతుకగను మఱియొకరికి వ్రేళ్లుగను వచ్చినది. ఆ నొట్టుస్వరములు దాదాపుగా శంకరాభరణపు మెట్లలోనే నడచును గావున మా పిల్లలు రెండింటిని సులభముగా వాయించిరి.

ఇక, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను చదువుకొనునప్పటి సంగతి యొకటి చెప్పవలెను. విద్యాచరిత్రలో ఆండ్రూ బెల్ అను నాయనను గూర్చి చదివితిమి. 1789లో ఆయన చెన్నపట్నమునందలి మగపిల్లల అనాథశరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచుండుట ఆయన కంటబడెను. తన శరణాలయములోను అట్లే నేర్పుడని ఉపాధ్యాయులతో చెప్పగా వారికది రుచింపలేదు. అంతట నాయన ఎనిమిదేండ్ల బాలునొకనిని పిలిచి, వానికంటె చిన్నవారికి వానిచేతనే నేర్పించెను. పని చక్కగా సాగినది. 1797లో లండనులో దీనినిగూర్చి పుస్తకము ప్రకటించెను. ‘మద్రాసు పద్ధతి’ యను పేర అది ఇంగ్లండులోని బడులలో వ్యాపించినది. మన వీధిబడి యిసుకనుండి వెడలిన పద్ధతి సముద్రము దాటి పేరు తెచ్చుకొన్నందుకు మేమందఱము ఆ తరగతిలో గర్వపడితిమి. పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానికి నేర్పుట వలని లాభములు ఆఱు వ్రాయుడని పరీక్షలో అడిగిరి, వ్రాసితిమి. చిన్నవానికి నేర్పిన పెద్దవానికి తరువాత ఎవరు నేర్పుదురని మాత్రము ఎవరును అడుగలేదు. ఆ ప్రశ్న నాకు పియానో వలన వచ్చినది.

నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు నగరమున లియోపోల్డు మొజార్టు అను వాయులీన విద్వాంసుడుండెను. ఆయనకు కలిగిన ఏడుగురు బిడ్డలలో ఇద్దరే దక్కిరి. పెద్దది మరియా అన్నా, 1751లో పుట్టినది. ఇంటివారు నానెర్ల్ అని పిలిచెడివారు. చిన్నవాడు వోల్ఫ్‌గాంగ్, 1756లో పుట్టినవాడు. నానెర్ల్‌కు ఎనిమిదేండ్లు వచ్చు 1759లో తండ్రి ఆమెకొఱకొక స్వరపుస్తకము సిద్ధపఱచెను. మొదట చిన్న చిన్న మినుయెట్టులు, పోను పోను కష్టమైనవి. వారి యింటిలో నున్నది నేటి పియానోవంటిది కాదు. సుత్తితో తీగెను కొట్టు పియానోను ఇటలీలో క్రిస్తొఫోరి 1700 ప్రాంతమున నిర్మించెను గాని, అది ఇండ్లకు చేరుటకు చాలకాలము పట్టినది. అయినను మెట్లు మెట్లే. మూడేండ్ల తమ్ముడు వాద్యమును సమీపించి, రెండేసి మెట్లు కలిపి నొక్కి, చెవికింపైన జతలను వెదకికొనుచు చాలసేపు గడపెడివాడని నానెర్ల్ పెద్దదైన పిమ్మట వ్రాసెను. వాడును అక్క పుస్తకముతోనే నేర్చుకొనెను. 1761 జనవరి 24వ తేదీన, తన అయిదవ పుట్టినదినమునకు మూడు దినములు ముందుగా, రాత్రి 9 గంటలకును తొమ్మిదిన్నరకును నడుమ వాడొక పాఠము నేర్చుకొనెనని తండ్రి ఆ పాఠము దగ్గర గుర్తు వ్రాసి యుంచెను. గంటలతో సహా వ్రాసిన ఆ తండ్రిని తలచుకొన్నచో, పిల్లవాని మొదటి పల్లు ఊడిన తేదీని క్యాలెండరులో వ్రాసికొను మన తండ్రులు నాకు జ్ఞప్తికి వత్తురు. ఆ బాలుడు కట్టిన మొట్టమొదటి స్వరరచనలును తండ్రి చేతివ్రాతలో అక్క పుస్తకములోని పుటలలోనే చేరినవి. లోకము మొజార్టు అని పిలుచు మహావృక్షపు తొలి మొలక ఆ పుస్తకములో నున్నది. పుస్తకముమీది పేరు మాత్రము నానెర్ల్‌ది.

1763 మొదలు 1766 వఱకు తండ్రి ఆ యిద్దరు పిల్లలను బండిమీద ఐరోపాలోని రాజసభలన్నిటికి త్రిప్పెను. 1764 వేసవిలో లండనులో తండ్రికి ప్రమాదమైన జబ్బు చేయగా, ఇంటిలో వాద్యము ముట్టగూడదని పిల్లలకాజ్ఞ యైనది. మన పిల్లలైనచో నేమి చేసియుందురో మీకు తెలియును. ఆ యెనిమిదేండ్ల బాలుడు కాగితము తీసికొని, వాద్యబృందమంతటికి సరిపడు సింఫొనీ యొకటి వ్రాయుటకు కూర్చుండెను. అక్క ప్రక్కన కూర్చుండి దాని కెత్తివ్రాసెను. కొమ్ముబూరకు మంచి పని యేదైన ఇయ్యవలయునని తనకు జ్ఞాపకము చేయుమని వాడు ఆమెతో చెప్పెనట. ఈ ముచ్చటయు ఆమె వ్రాసినదే. శబ్దము లేని యా గదిలో ఇద్దరును స్వరములను చెవితో గాక మనస్సుతో వినుచు కూర్చుండిరి గదా!

తరువాతి సంగతి యంత ముచ్చటైనది కాదు. 1769 డిసెంబరులో తండ్రి ఇటలీకి ప్రయాణమయ్యెను. ఈసారి కొడుకును మాత్రమే తీసికొని వెళ్లెను. నానెర్ల్‌కు 18 ఏండ్లు. తల్లితో ఇంటిలో నిలిచిపోయెను. ఇటలీకి ఇంకను రెండు పర్యాయములు వెళ్లిరి; ఒక్కసారియు ఆమె లేదు. తమ్ముడు మాత్రము అక్కను మఱవలేదు. 1770లో ఆమె కట్టిన యొక పాటను చూచి ఇటలీనుండి మెచ్చుకొనుచు వ్రాసెను. ఆ పాట గాని, ఆమె కట్టిన మఱి యే రచన గాని నేడు మిగిలియుండలేదు. ఒక వాద్యమును ఇద్దరు నాలుగు చేతులతో వాయించుటకు తగినట్లు వాడు 1772లో సాల్జ్‌బర్గులో వ్రాసిన సొనాటా నేటికిని వాయించుచున్నారు. 1780 ప్రాంతమున వేసిన వారి కుటుంబచిత్రములో అక్కాతమ్ములొకే వాద్యము నెదుట కూర్చుండి, ఒకరి చేతిమీదుగా ఒకరు చేయి చాచి వాయించుచుందురు. 1784లో ఆమె యొక యధికారిని, పిల్లలు గల భార్యావిహీనుని, పెండ్లియాడి సెయింట్ గిల్గెన్ అను గ్రామమునకు పోయెను. 1801లో భర్త పోయిన పిమ్మట సాల్జ్‌బర్గునకు తిరిగివచ్చి, పియానో పాఠములు చెప్పుకొనుచు 1829 వఱకు జీవించెను. తండ్రిని దుర్మార్గుడనుటకు నాకు నోరు రాదు. ఆమెకు నేర్పినవాడును ఆయనయే. ఆ కాలములో కొడుకునకు కొలువు దొరకును, కూతురునకు దొరకదు. బండిలో ఎందఱికి చోటున్నదో ఆయన లెక్క చూచుకొనెను. కాని, ఆ లెక్కలో పుస్తకము ఎవరిదన్న సంగతి లెక్కకు రాలేదు.

ఇట్టిదే మఱియొక కథ బెర్లినులో జరిగినది. ఫానీ మెండెల్సన్ 1805లోను, తమ్ముడు ఫెలిక్స్ 1809లోను పుట్టిరి. తల్లియే వారికి మొదట పాఠము చెప్పెను. ఆ పాఠములు అయిదేసి నిమిషములే యుండెడివట. ఈ యొక్క సంగతి మన యుపాధ్యాయులందఱు తెలిసికొనదగినది. 1818లో, పదుమూడేండ్ల ఫానీ తండ్రికి తెలియకుండ బాఖ్ రచించిన 24 ప్రెలూడులను కంఠస్థము చేసి, పుస్తకము చూడకుండ వాయించెను. రెండేండ్ల తరువాత ఆ తండ్రి ఆమెకొక జాబు వ్రాసి, ఫెలిక్స్‌నకు సంగీతము వృత్తి కావచ్చును గాని నీకది యలంకారము మాత్రమే యను భావము తెలిపెను. ఆమె పాటలు కొన్ని తమ్ముని పేర అచ్చైనవి. 1842లో ఇంగ్లండు రాణి విక్టోరియా ఫెలిక్స్‌ను రప్పించి, ఆ సంపుటములోనుండి తన కిష్టమైన పాట యొకటి పాడగా, అది తనది కాదు, అక్కదని వాడు ఒప్పుకొనవలసి వచ్చినది. తన పేరుతో రచనల సంపుటములు ఫానీ ప్రకటించునప్పటికి 1846వ సంవత్సరము. మఱుసటి యేడు మే నెలలో ఆమెయు, నవంబరులో తమ్ముడును చనిపోయిరి.

నేను ఈ కథలను సరదాకు చదివితినని మీరనుకొనవద్దు. ఈ యేడు మా యింటిలోనే ఆ బండి వచ్చి నిలిచినది.

మా యమ్మాయి పదవ తరగతి ముగించినది. ఇంటరు అనగా నేమో మీకు నేను చెప్పనక్కరలేదు. హాస్టలు, తెల్లవారకముందే లేచి చదువు, రాత్రి పొద్దుపోవువఱకు చదువు. అక్కడ పియానో యుండదు. ఉన్నను తీరిక యుండదు. ఆ దినములలోనే హైదరాబాదులో నున్న మా యన్నగారు సెలవులకు వచ్చి, అబ్బాయి వాయించుచుండగా విని మిక్కిలి సంతోషించిరి. ఆయన ఉదారులు. "చెల్లెమ్మా, వీణ్ణి నా దగ్గర ఉంచు. మంచి మాస్టారి దగ్గర చేర్పిస్తాను, ఖర్చంతా నాది. అమ్మాయి ఎలాగూ హాస్టల్లో ఉంటుంది కదా" అనిరి. చెప్పినదానిలో అన్యాయమేమియు కనబడదు. వానికి పదేండ్లు; చెవి మంచిది; వయసున్నది. మావారు తలయూచిరి. నేనును వెంటనే కాదనలేకపోతిని. అమ్మాయి అక్కడనే కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుండెను. ఒక్క మాటయు ఆడలేదు.

ఆ రాత్రి పదకొండు గంటలకు ఆమె గదిలో దీపము వెలుగుచుండుట చూచి లోపలికి పోతిని. క్రొత్త నోటుపుస్తకమొకటి ముందు పెట్టుకొని గీతలు గీయుచుండెను. అప్పటికి పదునాలుగు పుటలు నిండినవి. ఏమని యడిగితిని. "తమ్ముడికమ్మా. ఇక్కడ ఆగిపోయాడు. మాస్టారు కొత్తవారు కదా, వీడికి ఎడమ చేయి ఎక్కడ తడబడుతుందో ఆయనకి తెలీదు. అందుకని రాసి పెడుతున్నా" అనెను. మఱి నీ సంగతి యేమంటిని. "నాకు రాసేవాళ్లెవరమ్మా?" అని, ఫిర్యాదు చేయునట్లు గాక, స్కేలు ఎక్కడ పెట్టితినని యడిగినట్లుగా అని, మఱల గీత గీసికొనెను.

మఱునాడు ఉదయము కాఫీ వేళ ఈ మాట మా యన్నగారితో చెప్పితిని. ఆయన ఇంకను జవాబు చెప్పకముందే, పియానో వచ్చిననాడు మూడు దినములు మౌనము పట్టిన మా యత్తగారు వాకిటినుండి, "నేర్పినదాన్ని దింపి, నేర్చుకున్నవాణ్ణి ఎక్కిస్తారా బండి?" అనిరి. ఆమెకు మొజార్టు కథ నేను చెప్పియుండలేదు. బండి యను మాట ఆమెకెట్లు వచ్చినదో నేటికిని నాకాశ్చర్యమే. మా యన్నగారు చాలసేపు కప్పు చేతిలోనే పట్టుకొని కూర్చుండిరి.

తరువాత రెండు దినములు లెక్కలు వేసితిమి. అమ్మాయి మా పట్టణములోని జూనియరు కళాశాలలోనే ఇంటినుండి పోయి వచ్చుచున్నది. పెద్ద హాస్టలులో వచ్చు మార్కులు ఇక్కడ రావని పలువురు చెప్పిరి, ఇప్పటికిని చెప్పుచున్నారు. వారి మాట నిజము కావచ్చును. ఆ భయము నన్ను విడువలేదు. అబ్బాయి హైదరాబాదునకు పోలేదు. మా యన్నగారు ఇచ్చెదనన్న సొమ్ములో కొంత పియానోకు పోయినది; చెన్నపట్నము నాయన వచ్చి వదులైన మేకులను తీసి వానికంటె లావైనవి కొట్టెను. ఇప్పుడు శ్రుతి నిలుచుచున్నది. తీగెలు పాతవగుటచేత 440కి లాగుటకు మాత్రము ఆయన సాహసింపలేదు. మిగిలిన దానితో అమ్మాయి ట్రినిటీ వారి శ్రేణి పరీక్షకు సిద్ధమగుచున్నది. ఆ పరీక్షలలో మొత్తము ఎనిమిది శ్రేణులు, ఈమె మూడవది. టీచరమ్మగారికి ఇప్పుడు చూపు చాలదు గాని చెవి చాలును; తప్పు పడినచో నిమ్మకాయ తెమ్మందురు. తమ్ముని పాఠములు మానవలసిన యక్కర కూడ రాలేదు. సాయంకాలము ముందు ఆమెకు ముప్పావుగంట, పిమ్మట వానికి అరగంట, ఆ పిమ్మట ఇద్దరికి కలిపి పావుగంట. ఈ కాలపట్టికను మా యత్తగారు గోడకంటించి కాపలా కాయుచున్నారు.

ఆ కలిపి వాయించు పావుగంటయందే ఇప్పుడు తగవంతయు. నాలుగు చేతుల వాదనలో కుడిప్రక్క కూర్చుండువారికి పై భాగము, అనగా పాట, వచ్చును. ఎడమప్రక్క కూర్చుండువారు క్రింది స్వరములతో దానిని మోయవలెను. వాడు చిన్నవాడగుటచేత మొదటినుండియు కుడిప్రక్కనే, ఎత్తు చాలక మా మామగారి శబ్దరత్నాకరముమీద కూర్చుండి వాయించెడివాడు. గత నెలలో అమ్మాయి యొక కీర్తనను తానే నాలుగు చేతులకు సరిపడునట్లు వ్రాసినది. వాడు అలవాటుచొప్పున నిఘంటువును కుడిప్రక్కకు లాగుకొనగా, ఆమె దానిని ఎడమప్రక్కకు జరిపెను.

"ఎప్పుడూ పైది నాదే కదా?"

"అందుకే. ఇది నీ పుస్తకంలోది కాదు, నాది."

వాడు మా యత్తగారి దగ్గరకు పోయి ఫిర్యాదు చేసెను. ఆమె కాలపట్టికలో ఆ సంగతి లేదని త్రోసివైచిరి. వాడు మఱల వచ్చి ఎడమప్రక్కన కూర్చుండి, క్రింది భాగములో వ్రేళ్ల అంకెలు తప్పుగా వేసినావని యక్కతో వాదమునకు దిగెను. చూడగా, ఒకచోట నిజముగనే తప్పున్నది. ఆమె రబ్బరు తెచ్చి చెరిపి, వాడు చెప్పిన యంకె వేసెను. నేను భోజనమునకు పిలిచితిని; ఎవరును రాలేదు.